గేటు బయట బేరం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే కోరిక: స్టేడియంలో కూర్చుని ఆట చూడాలి, సీటు బాగుండాలి, జేబుకు చిల్లు పడకూడదు. అమెరికా నుంచి రాసినవాళ్లే ఎక్కువ. మనం బ్లాకు అనేదాన్ని అక్కడ చాలా రాష్ట్రాల్లో రీసేల్ పేరుతో బాహాటంగా నడుపుతారు. కొన్న టికెట్‌ను మళ్లీ అమ్మేవాణ్ని స్కాల్పర్ అంటారు. అతను గేటు బయట నిలబడే మనిషి కావచ్చు, యాప్ వెనక కూర్చున్న వ్యాపారి కావచ్చు. ముందు అక్కడి సంగతులు, ఆ తర్వాత ఉప్పల్, లండన్.

ప్రశ్న: అమ్మానాన్న తెనాలి నుంచి మూడు నెలలు ఉండడానికి మా దగ్గరికి వచ్చారు. నాన్నకు క్రికెట్ అంటే ప్రాణం. ఒక్కసారి బేస్‌బాల్ చూపిద్దామంటే నలుగురికి రెండు వందల డాలర్లు దాటుతోంది. స్కాల్పర్ల దగ్గర నిజంగా తక్కువకు దొరుకుతాయా? (ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: దొరుకుతాయి. అందులోనూ బేస్‌బాల్‌కు మరీ తేలిక. ఒక్కో జట్టు సీజన్లో 162 ఆటలు ఆడుతుంది, అందులో 81 సొంత మైదానంలో. సీజన్ టికెట్ కొన్నవాళ్లలో 81 రోజులూ వెళ్లగలిగేవాళ్లు చాలా అరుదు. వెళ్లలేని రోజుల టికెట్లు అమ్మకానికి వస్తాయి. వాటికి స్కాల్పర్లు కొనిపెట్టుకున్న సరుకు తోడవుతుంది. ఆట అయిపోతే ఆ టికెట్ ఎందుకూ పనికిరాదు. రాత్రి ఎనిమిదింటికి రైతుబజారులో మిగిలిన తోటకూర కట్ట లాంటిదన్నమాట, ఇంటికి మోసుకుపోయే కన్నా వచ్చిన రేటుకు ఇచ్చేయడమే నయం. మేజర్ లీగ్ బేస్‌బాల్ రీసేల్ ధరల మీద 2012లో అచ్చయిన ఒక ఆర్థికశాస్త్ర పరిశోధన, ఆట దగ్గరపడే కొద్దీ అమ్మేవాళ్లు 40 శాతం, అంతకు మించి కూడా తగ్గిస్తారని చూపించింది.

అన్ని ఆటలకూ ఇంత పడదు. సోమవారం నుంచి గురువారం దాకా జరిగే ఆటలు, ఏప్రిల్, మే నెలల్లో బడులు నడిచే రోజులు, ఎదుటి జట్టు పట్టికలో అడుగున ఉన్నప్పుడు, సెప్టెంబర్లో సొంత జట్టుకు ప్లేఆఫ్ ఆశ పోయాక ధరలు బాగా దిగుతాయి. శుక్ర, శనివారాలు, యాంకీస్, డాడ్జర్స్ లాంటి పేరున్న జట్లు వచ్చే రోజులు, బాణసంచా రాత్రులు వదిలేయండి. ఆటగాళ్ల రూపంలో చేసిన తల ఊపే బొమ్మలను క్లబ్బు ప్రేక్షకులకు ఊరికే పంచే రోజులు కూడా. ఈ బొమ్మల సంగతి కొత్తగా వచ్చినవాళ్లకు తెలియక, మామూలు మంగళవారం ఆటకు ఇంత ధరేమిటని తికమకపడతారు. క్లబ్బు వెబ్‌సైట్లో ప్రమోషన్ల క్యాలెండర్ ఉంటుంది. తేదీ అనుకునే ముందే అది చూడండి.

తేదీ తేలాక, వారం ముందు రెండు మూడు రీసేల్ యాప్‌లు తెరిచి అదే ఆటకు, అదే సెక్షన్‌కు, నాలుగు సీట్లకు ఎంతో కాగితం మీద రాసుకోండి. రోజూ ఒకే వేళకు చూడండి. అమ్మకానికి వేల సీట్లు ఉండి, మీకు నచ్చిన సెక్షన్లోనే పదిమంది అమ్ముతుంటే ఆగొచ్చు. సీట్లు రోజురోజుకూ కరిగిపోతుంటే ఆగకండి. ధర ఎక్కువగా జారేది ఆట రోజు, మొదటి బంతికి ముందు మూడు గంటల్లో. కానీ మీతో పెద్దవాళ్లున్నారు, నాలుగు సీట్లు పక్కపక్కన కావాలి. ఒంటరిగా వెళ్లే కుర్రాడు చివరి నిమిషం దాకా ఆగగలడు, మీరు ఆగొద్దు. ఆట రోజు మధ్యాహ్నమే కొనేయండి. నాలుగు కలిసి దొరక్కపోతే ఒకే సెక్షన్లో ముందు వరసలో రెండు, వెనక వరసలో రెండు చూడండి. నాలుగు సీట్ల జాబితాల కన్నా రెండేసి సీట్ల జాబితాలు ఎక్కువగా ఉంటాయి.

ఆట మొదలయ్యాక మూడో ఇన్నింగ్స్ వేళకు (బేస్‌బాల్‌లో ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్) కొంటే ఇంకా చవక అని పాత సలహా ఒకటుంది. అది ఇప్పుడు గిట్టుబాటు కాదు. 2023లో పిచ్ క్లాక్ పెట్టారు, అంటే బంతి ఇన్ని సెకన్లలో వేసి తీరాలని చూపే గడియారం. అంతకుముందు మూడు గంటలు దాటే ఆట ఆ ఏడు సగటున 2 గంటల 40 నిమిషాలకు దిగింది. మూడో ఇన్నింగ్స్‌కు లోపలికి వెళ్తే మీ నాన్నగారికి నియమాలు చెప్పేలోపే సగం ఆట అయిపోతుంది.

సీటు కింద ఉంటే మంచిది, పైన ఉంటే చెడ్డది అని లెక్క కట్టకండి. హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక, పై అంతస్తు మొదటి ఐదారు వరసలు చూడండి. అవుట్‌ఫీల్డ్‌లో కింద కంచె పక్కన కూర్చోవడం కన్నా ఇవి మేలు, చాలా రోజుల్లో చవక కూడా. క్రికెట్ కళ్లున్న మనిషికి అక్కడ ఇంకో సుఖం ఉంది. వికెట్ కీపర్ వెనక నుంచి చూసినట్టు బంతి గాలిలో వంగడం, చివర్లో కిందికి దిగడం తెలుస్తాయి. ఆయనకు మీరు వివరించక్కర్లేదు, రెండు ఇన్నింగ్స్ గడిచాక ఆయనే మీకు చెబుతారు.

మీ ప్రాంతంలోనే ఉన్న ఆర్లింగ్టన్‌లో టెక్సాస్ రేంజర్స్ జట్టు ఆడే గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ 2020లో తెరిచిన మైదానం. మూసుకునే కప్పు, ఏసీ ఉన్నాయి కాబట్టి ఎండ బాధ లేదు. కప్పు లేని మైదానాల్లో పగటి ఆటకు మూడో బేస్ వైపు, అంటే హోమ్ ప్లేట్ నుంచి చూస్తే ఎడమ పక్క, కొనండి. హోమ్ ప్లేట్ నుంచి రెండో బేస్‌కు గీసిన గీత తూర్పు, ఈశాన్యాల మధ్యకు తిరిగి ఉంటే మంచిదని బేస్‌బాల్ నియమావళే చెబుతుంది. చాలా మైదానాలు ఇంచుమించు అలాగే కట్టారు. అందువల్ల మధ్యాహ్నం తర్వాత ఎండ మూడో బేస్ వైపు వాళ్లకు వీపు మీద, మొదటి బేస్, కుడి అవుట్‌ఫీల్డ్ వాళ్లకు కళ్లలో పడుతుంది. నీడ ముందుగా వచ్చేది కూడా మూడో బేస్ వైపే.

టికెట్ బాగా దిగిన రోజున పార్కింగ్ ఖర్చు టికెట్‌ను మించిపోవచ్చు. పార్కింగ్ పాసులు కూడా రీసేల్ యాప్‌లలో ఉంటాయి, అవీ చూడండి. అమ్మానాన్నలను గేటు దగ్గర దింపి, కారు దూరంగా చవకైన చోట పెట్టి మీరు నడిచి రండి. పై అంతస్తుకు లిఫ్టు ఏ గేటు వైపు ఉందో ముందే చూసుకోండి. పై అంతస్తు మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నడవా నుంచి ఎన్ని మెట్లు ఎక్కాలన్నది ధర కన్నా ముఖ్యం.

ప్రశ్న: స్టేడియం బయట చేతిలో పట్టుకుని అమ్మేవాళ్లతో బేరం ఎలా ఆడాలి? ఎంత నుంచి మొదలుపెట్టాలి? (సెయింట్ లూయిస్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: ఇంట్లోంచి కదిలే ముందు యాప్‌లో ఆ సెక్షన్ ధర, రుసుములన్నీ కలుపుకుని, ఎంతో చూడండి. అది మీ పైహద్దు. వీధిలో అమ్మేవాడు యాప్‌కు కమీషన్ కట్టడు, మీకు గ్యారంటీ ఏదీ ఇవ్వడు. ఈ రెండూ లెక్కేసుకుని, యాప్ ధర కన్నా కనీసం నాలుగో వంతు తగ్గితేనే వీధిలో కొనండి. తగ్గకపోతే అక్కడే నిలబడి ఫోన్లో కొనుక్కోవచ్చు. ఆ సంగతి అతనికీ తెలుసు, మీ బలం అదే.

గేటు ముందు కాకుండా ఒక వీధి ఇవతల, రైలు స్టేషన్ నుంచి గానీ పార్కింగ్ నుంచి గానీ జనం నడిచొచ్చే దారిలో నిలబడండి. ఎన్ని కావాలో అన్ని వేళ్లు పైకెత్తి చూపడం అక్కడి వాడుక. ‘టికెట్లు కావాలి’ అని అట్టముక్క పట్టుకుని తిరిగేవాణ్ని చూసి, పాపం వీడికీ దొరకలేదు అనుకోకండి. చాలాసార్లు అతనే స్కాల్పర్. స్నేహితుడు రాక ఒక టికెట్ మిగిలిన అభిమాని దగ్గర చవగ్గా కొని, పది అడుగుల అవతల ఎక్కువకు అమ్ముతాడు. మీరు ఆ అభిమానిని ముందుగా పట్టుకుంటే మధ్యలో వాడి లాభం మీకు మిగులుతుంది. జట్టు చొక్కా వేసుకుని, ఫోన్లో ఎవరితోనో ‘నువ్వు రావా అయితే?’ అంటున్న మనిషి మీకు కావాల్సిన మనిషి.

ధర ముందు అడగొద్దు. ఏ సెక్షన్, ఏ వరస, ఏ నంబర్లు, పక్కపక్కనేనా అని నాలుగూ అడగండి. సీటింగ్ మ్యాప్ ఫోన్లో తెరిచి ఉంచుకుని, అతను చెప్పింది అక్కడే చూడండి. ‘కింద సీట్లే, బ్రహ్మాండం’ అనేవాడు నంబరు చెప్పడానికి నసిగితే ముందుకు కదలండి. పాత మైదానాల్లో ఇంకో జాగ్రత్త ఉంది. బోస్టన్‌లోని ఫెన్వే పార్క్ 1912 నాటిది, షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ 1914 నాటిది. రెండింట్లోనూ గ్రాండ్‌స్టాండ్‌లో ఇనప స్తంభాలున్నాయి. స్తంభం వెనక సీటు పడితే ఎంత చవకైనా దండగ.

అతను అరవై అంటే మీరు పాతికతో మొదలుపెట్టండి. నలభై మీ హద్దయితే ముప్పై అయిదు దగ్గర ఆగి, వద్దులే అని నాలుగడుగులు వేయండి. వెనక్కి పిలుస్తాడు. పిలవకపోతే మీ అంచనా తప్పింది, ఆ సీట్లకు గిరాకీ ఉంది. డబ్బు ఇరవై, పది, అయిదు డాలర్ల నోట్లుగా వేరే జేబులో పెట్టుకోండి. నలభైకి కుదుర్చుకుని వంద నోటు తీస్తే చిల్లర లేదంటాడు, బేరం మళ్లీ మొదటికొస్తుంది. ఆటకు ఇరవై నిమిషాల ముందు నుంచి గట్టిగా తగ్గుతుంది, లోపల జాతీయగీతం వినిపించాక ఇంకోసారి తగ్గుతుంది. ఇద్దరు వెళ్తే విడివిడిగా కూర్చోవడానికి సిద్ధపడండి. ఒంటి టికెట్ అమ్మడం అతనికి చాలా కష్టం, కాబట్టి దాని మీద బాగా దిగొస్తాడు.

ఇంతా చేసి, వీధి అమ్మకం మీద చట్టం రాష్ట్రానికో రకం, ఊరికో రకం. న్యూయార్క్ రాష్ట్రంలో 5,000 మించి సీట్లున్న చోటికి 1,500 అడుగుల లోపల, అంటే సుమారు 450 మీటర్ల దూరంలో, టికెట్లు తిరిగి అమ్మకూడదు. అందువల్ల న్యూయార్క్‌లో యాంకీ స్టేడియం, సిటీ ఫీల్డ్, మాడిసన్ స్క్వేర్ గార్డెన్ గేట్ల ముందు బేరం పెట్టుకోకుండా ఫోన్లోనే కొనండి.

చివరగా టికెట్ బూత్. దీన్ని చాలామంది మర్చిపోతారు. వచ్చిన జట్టుకు, స్పాన్సర్లకు పక్కన పెట్టిన సీట్లలో వాడనివి ఆట రోజు బూత్‌లో అమ్మకానికి రావచ్చు. వీధిలో ఎవరితోనైనా మాట్లాడే ముందు బూత్‌లో ఒక్క మాట అడగండి.

ప్రశ్న: ఎడిసన్‌లో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన టికెట్లు సగం ధరకు ఇస్తానన్నాడు. జెల్‌లో (ఫోన్‌పే లాంటి అమెరికా పద్ధతి) డబ్బు పంపితే బార్‌కోడ్ స్క్రీన్‌షాట్ పంపుతానంటున్నాడు. నమ్మొచ్చా? (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: నమ్మకండమ్మా. ఆయన మంచివాడే కావచ్చు, కానీ ఆ పద్ధతిలో టికెట్ మీ చేతికి రాదు. పెద్ద లీగుల టికెట్లన్నీ ఇంచుమించు ఫోన్లోకి మారిపోయాయి. టికెట్లు అమ్మే పెద్ద కంపెనీ టికెట్‌మాస్టర్ 2019లో తెచ్చిన పద్ధతిలో బార్‌కోడ్ కొన్ని సెకన్లకోసారి మారిపోతుంది. స్క్రీన్‌షాట్ తీసిన మరుక్షణానికే అది పాతది. గేటు దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది, వెనక్కి పంపేస్తారు. కదలని బార్‌కోడ్ ఉన్న చోట కూడా ప్రమాదమే, ఒకే స్క్రీన్‌షాట్ పదిమందికి అమ్మొచ్చు, ముందు స్కాన్ అయినవాడిదే సీటు. కాగితం మీద ప్రింటు తీసింది ఇస్తానంటే అసలు వినిపించుకోకండి.

సరైన దారి ట్రాన్స్‌ఫర్. అమ్మేవాడు తన టికెట్ యాప్‌లోంచి మీ ఈమెయిల్‌కు గానీ ఫోన్ నంబరుకు గానీ పంపుతాడు. మీరు మీ సొంత ఖాతాలో అంగీకరించాలి. అంగీకరించగానే అతని దగ్గరున్న బార్‌కోడ్ చెల్లదు, మీకు కొత్తది వస్తుంది. టికెట్ మీ ఖాతాలో, సరైన తేదీ, సెక్షన్, వరసతో కనిపించాకే డబ్బు. ‘పంపాను, మెయిల్ చూడు’ అంటే సరిపోదు. అచ్చం అలాంటి మెయిలే తయారుచేసి పంపేవాళ్లున్నారు. మెయిల్లోని లింకు నొక్కకుండా, జట్టు యాప్ గానీ టికెట్‌మాస్టర్ యాప్ గానీ మీరే తెరిచి చూడండి. వీధిలో కొన్నా ఇదే వరస. నంబరు చెప్పండి, ఫోన్ మాత్రం అతని చేతికివ్వకండి.

కొన్ని ఆటలకు ట్రాన్స్‌ఫర్ రెండు మూడు రోజుల ముందు గానీ తెరుచుకోదు. అప్పటిదాకా అమ్మేవాడు పంపలేడు, అది నిజమే అయ్యుంటుంది. అలాంటప్పుడు మాట మాత్రం తీసుకుని, డబ్బు ట్రాన్స్‌ఫర్ రోజునే ఇవ్వండి. జెల్, వెన్మోలో స్నేహితులకు పంపే పద్ధతి, క్యాష్ యాప్: వీటిలో పంపిన డబ్బు తిరిగి తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం. పేపాల్‌లో ‘గూడ్స్ అండ్ సర్వీసెస్’ ఎంచుకుంటే కొన్నవారికి రక్షణ ఉంది, అందుకు పట్టే కొద్దిపాటి రుసుము మీరే భరిస్తానని చెప్పండి. దానికి కూడా ఒప్పుకోకపోతే ఆ టికెట్ మీకొద్దు.

ప్రశ్న: స్టబ్‌హబ్, సీట్‌గీక్, టిక్‌పిక్, గేమ్‌టైమ్... ఈ రీసేల్ యాప్‌లలో దేనిలో చవక? చివర్లో ఫీజులు కలిసి ధర పెరిగిపోతుందని భయం. (ఓవర్‌ల్యాండ్ పార్క్, కాన్సాస్)

జవాబు: ఆ భయం ఇప్పుడు చాలావరకు తీరింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం 2025 మే 12 నుంచి అమల్లోకి వచ్చింది. టికెట్ అమ్మేవాళ్లు తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తాన్ని మొదటే చూపించాలి. కాబట్టి మొదటి తెరలోని ధరలనే పక్కపక్కన పెట్టి పోల్చుకోండి. ఒకే సీటు రెండు మూడు యాప్‌లలో వేర్వేరు ధరలకు కనిపిస్తుంది, ఎందుకంటే స్కాల్పర్ అన్నిట్లోనూ పెడతాడు, రుసుములే తేడా. సెక్షన్, వరస చూసి అదే సీటని గుర్తుపట్టండి. గేమ్‌టైమ్ చివరి గంటల బేరాలకు పేరుపడింది, ఆట మొదలయ్యాక కూడా అమ్ముతుంది.

వరస నంబరు చెప్పకుండా ‘ఈ జోన్‌లో ఎక్కడైనా’ అని రాసిన జాబితాలు కొనకండి. ఆ అమ్మేవాడి చేతిలో ఇంకా టికెట్ లేకపోవచ్చు. మీ దగ్గర డబ్బు తీసుకుని, ధర పడ్డాక కొని ఇస్తాడు. ధర పడకపోతే రద్దు చేస్తాడు. యాప్ మీ డబ్బు తిరిగిస్తుంది గానీ, ఆ సాయంత్రం మీరు గేటు బయటే ఉంటారు.

ప్రశ్న: బాస్కెట్‌బాల్‌కు, అమెరికన్ ఫుట్‌బాల్‌కు కూడా ఇదే లెక్కా? (శాన్ హోసె)

జవాబు: బాస్కెట్‌బాల్‌కు సగం వర్తిస్తుంది. ఎన్‌బీఏలో ఒక్కో జట్టుకు 82 ఆటలు, 41 సొంతూళ్లో. వరసగా రెండు రాత్రులు ఆడాల్సి వచ్చినప్పుడు పెద్ద ఆటగాడికి ఒక రాత్రి విశ్రాంతి ఇస్తుంటారు. ఎవరు ఆడరో జట్లు ముందుగా ప్రకటించే గాయాల జాబితాలో ఉంటుంది, ఆట రోజు మారుతుంది కూడా. పేరున్నవాడు లేడని తేలిన అరగంటలో ధర కూలుతుంది. మీరు ఆట కోసం వెళ్తుంటే అదే మంచి సమయం, ఆ ఒక్క మనిషి కోసమే వెళ్తుంటే అప్పటిదాకా కొనకండి. సీటుకు, పై అంతస్తు మొదటి వరసల్లో కోర్టు మధ్యగీతకు ఎదురుగా ఉన్నవి చూడండి. కింద బుట్ట వెనక మూలల కన్నా ఆట బాగా అర్థమవుతుంది.

ఫుట్‌బాల్‌కు ఆశ తక్కువ. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొత్తం 17 ఆటలే, సొంతూళ్లో ఎనిమిదో తొమ్మిదో. సరుకు తక్కువ, గిరాకీ ఎక్కువ. చవగ్గా స్టేడియం చూడాలంటే ఆగస్టులో ప్రీసీజన్ ఆటలకు వెళ్లండి, లేదా ఉత్తరాది ఊళ్లలో ఓడిపోతున్న జట్టు డిసెంబర్ చలిలో ఆడే ఆట చూడండి. మొదటి పది వరసలు కొనకండి, గీత పక్కన నిలబడే ఆటగాళ్లు, సిబ్బంది అడ్డొస్తారు. ఇరవయ్యో వరస పైనుంచి మైదానమంతా కనిపిస్తుంది. సంచి విషయంలో కూడా జాగ్రత్త. ఎన్‌ఎఫ్‌ఎల్ స్టేడియంలలోకి 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు మించని పారదర్శక సంచి మాత్రమే తీసుకెళ్లనిస్తారు, చేతిలో పట్టే చిన్న పర్సు వేరు. హ్యాండ్‌బ్యాగ్‌తో వెళ్లినవాళ్లు మళ్లీ కారు దాకా నడవాలి.

ప్రశ్న: నేను ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నాను. నాలుగు టికెట్లు ఎక్కువ కొని అమ్మితే నా టికెట్ ఖర్చు వచ్చేస్తుందని స్నేహితులంటున్నారు. చేయొచ్చా? (డెంటన్)

జవాబు: ఆ ఆలోచన మానుకోండి బాబూ. వెళ్లలేకపోయిన ఒక టికెట్‌ను వదిలించుకోవడం వేరు, లాభం కోసం కొని అమ్మడం వేరు. రెండోది వ్యాపారం. అనుమతి లేకుండా ఏ పనీ చేయకూడని ఎఫ్-1 మీద అది మీ చదువుకే ఎసరు పెడుతుంది. వ్యాపారంగా చూసినా నష్టమే ఎక్కువ. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ అనే బేస్‌బాల్ జట్టు 2009లో మొదలుపెట్టిన పద్ధతి ఇప్పుడు అంతటా వచ్చింది, గిరాకీని బట్టి క్లబ్బే రోజూ ధర మారుస్తుంది. ఒకప్పుడు స్కాల్పర్‌కు మిగిలిన తేడా ఇప్పుడు క్లబ్బుకే పోతోంది.

ప్రశ్న: అమెరికాలో ఇండియా క్రికెట్ ఆడితే టికెట్ చివర్లో తగ్గుతుందా? (ఇర్వింగ్)

జవాబు: ఇండియా ఆడితే చివరిదాకా ఆగడం జూదమే. 2024 టీ20 ప్రపంచకప్‌లో ఇండియా, పాకిస్తాన్ ఆట జూన్ 9న న్యూయార్క్ దగ్గర నసావు కౌంటీలో వేసిన తాత్కాలిక స్టేడియంలో జరిగింది, సీట్లు 34,000. ఆ ఒక్క రోజు కోసం ఎక్కడెక్కడి నుంచో విమానాల్లో వచ్చారు. యాప్‌లో కనిపించే ధర అమ్మేవాడు అడుగుతున్నది మాత్రమే, ఆ ధరకు ఎవరో కొన్నారని అర్థం కాదు. అందుకే భారీ అంకెలు చూసి కంగారుపడకండి. కానీ విమానం, హోటల్ బుక్ చేసుకునేవాళ్లు టికెట్ లేకుండా కదలొద్దు. ఇలాంటి ఆటలకు మొదటి అమ్మకంలో, లాటరీ ఉంటే లాటరీలో పేరివ్వడమే చవక దారి.

అమెరికా సొంత టీ20 లీగు, మేజర్ లీగ్ క్రికెట్ సంగతి వేరు. 2023లో మొదలైంది, మీ పక్కనే గ్రాండ్ ప్రెయిరీలో ఆడతారు. మీ సొంత జట్టు టెక్సాస్ సూపర్ కింగ్స్ శని, ఆదివారాల ఆటలు వదిలి, బయటి జట్లు రెండూ ఆడే పనిరోజు ఆట ఎంచుకోండి. చిన్న స్టేడియం, ఎక్కడ కూర్చున్నా బంతి దగ్గరే. ఆడేది ఎండాకాలంలో కాబట్టి పగటి ఆటకు నీడ ఏ వైపో మ్యాప్‌లో చూసి మరీ కొనండి.

ప్రశ్న: ఉప్పల్‌లో ఐపీఎల్ ఆటకు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకరు పాసులు అమ్ముతున్నారు. సగం ముందే ఫోన్‌పే చేయమంటున్నారు. (హబ్సిగూడ)

జవాబు: చేయకండి. పైన అమెరికాకు చెప్పిన సలహాలేవీ ఉప్పల్‌కు పనికిరావు. ఇక్కడ బ్లాకులో అమ్మేవాళ్లను పోలీసులు పట్టుకుంటారు, పట్టుబడ్డ టికెట్ మీకు దక్కదు. టికెట్ మీ పేరుకు మార్చి, పాత కోడ్‌ను రద్దు చేసే ఏర్పాటు ఆ అమ్మేవాడి చేతిలో లేదు. అతను పంపే క్యూఆర్ ఫొటో ఇంకెందరికి వెళ్లిందో మీకు తెలిసే దారి లేదు. కాంప్లిమెంటరీ పాసు అయితే అది అమ్మడానికి ఇచ్చిందే కాదు. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చెబితే ఆ డబ్బు ఖాతాలో ఆపగలిగే అవకాశం ఎక్కువ.

అసలు దారి, అమ్మకం మొదలయ్యే రోజునే కొనడం. యాప్‌లో ఖాతా, ఫోన్ నంబరు, డబ్బు కట్టే పద్ధతి ముందురోజే సరిచేసుకోండి. పది నిమిషాల ముందే వరసలో చేరండి. ఏ స్టాండ్, దొరక్కపోతే ఏది అని రెండు మూడు అనుకుని ఉండండి, తెర మీద ఆలోచిస్తూ కూర్చుంటే చేతికొచ్చిన సీటు గడువు దాటిపోతుంది. డబ్బు కట్టేటప్పుడు ఆగిపోయినవాళ్ల సీట్లు కొన్ని నిమిషాల తర్వాత మళ్లీ కనిపిస్తాయి, ‘అయిపోయాయి’ అని చూడగానే మూసేయకండి. ఎక్కడైనా కౌంటర్లో అమ్ముతారని తెలిస్తే పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ వరసలోకి వెళ్లకండి. 2022 సెప్టెంబర్ 22న ఇండియా, ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్స్‌లో జరిగిన తొక్కిసలాట గుర్తుంచుకోండి. టికెట్ కోసం మనుషులు ఆసుపత్రి పాలయ్యారు.

క్రికెట్ తాపీగా చూడాలనుకుంటే టెస్టుకు వెళ్లండి. 2024 జనవరిలో ఇంగ్లండ్ ఉప్పల్‌లో 28 పరుగులతో గెలిచిన టెస్టు, ఆలీ పోప్ 196 కొట్టిన ఆట, ఐపీఎల్‌కు ఏ మాత్రం తీసిపోలేదు.

ప్రశ్న: లండన్‌లో ప్రీమియర్ లీగ్ ఆట బయట టికెట్లు అమ్ముతుంటారు. కొనొచ్చా? వింబుల్డన్‌కు? (హౌన్‌స్లో)

జవాబు: ఫుట్‌బాల్‌కు వద్దు. ఇంగ్లండ్‌లో క్లబ్బు అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ అమ్మడం 1994 చట్టం కింద నేరం, అసలు ధరకు అమ్మినా నేరమే. ఆ టికెట్‌ను క్లబ్బు రద్దు చేస్తుంది, గేటు దగ్గర ఆగిపోయేది మీరు. క్లబ్బు సభ్యత్వం తీసుకుని, వెళ్లలేని సభ్యులు తిరిగి ఇచ్చే టికెట్లను క్లబ్బు సొంత ఎక్స్ఛేంజిలో కొనండి. ఆటకు ముందు రెండు మూడు రోజులు ఎక్కువగా కనిపిస్తాయి, రోజుకు నాలుగైదుసార్లు చూడాలి.

వింబుల్డన్‌కు వీధిలో కొనే అవసరమే లేదు. పొద్దున్నే క్యూలో నిలబడి తక్కువ ధర గ్రౌండ్ పాసుతో లోపలికి వెళ్లండి. పెద్ద కోర్టుల్లోంచి మధ్యలో వెళ్లిపోయేవాళ్లు వదిలిన సీట్లను మధ్యాహ్నం తర్వాత అక్కడే కొద్ది పౌండ్లకు మళ్లీ అమ్ముతారు, ఆ డబ్బు సేవా కార్యక్రమాలకు వెళ్తుంది. లోపలికి వెళ్లాకే వింబుల్డన్ యాప్‌లో ఆ వరసలో చేరాలి, కాబట్టి ఫోన్ చార్జింగ్ సాయంత్రం దాకా ఉండేలా చూసుకోండి.